చెయ్యి కుదరని వాళ్లు

మా వదినకి ఆదివారం అంటే ఏమిటో తెలియదని మా అమ్మ అంటూ ఉండేది. అందులో కొంత నిజం ఉంది. వదిన పనిచేసిన పరిశోధనశాలలో గుండె కణాల్ని పెంచేవాళ్లు. అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ పళ్లెం, అందులో గులాబీ రంగు ద్రవం, దాని అడుగున కంటికి ఆనని కణాలు. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే అవి కొట్టుకుంటూ కనిపిస్తాయి. వాటికి రోజూ ఆ ద్రవం మార్చాలి. మార్చకపోతే ఆగిపోతాయి. అందుకని పెళ్లైన మర్నాడు కూడా వదిన పొద్దున్నే తల దువ్వుకుని బయల్దేరింది.

"ఎక్కడికమ్మా?" అంది అమ్మ.

"కణాలకి మేత పెట్టాలి అత్తయ్యా. ఇలా వెళ్లి అలా వచ్చేస్తాను."

అమ్మ నా వంక తిరిగింది. "మీ అన్నయ్య పెళ్లాన్ని తెచ్చుకున్నాడా, పశువుల డాక్టర్ని తెచ్చుకున్నాడా?"

వదిన నవ్వింది. ఆ నవ్వుతోనే మా ఇంట్లో మనిషైపోయింది.

నేను టైలర్ని. ఇంటి ముందు గదిలోనే నా కుట్టు మిషను. వదిన వచ్చిన కొన్నాళ్లకి ఆ ల్యాబులో అందరి తెల్ల కోట్లూ నేనే కుట్టడం మొదలుపెట్టాను. కొలతలకని ఏటా ఒకసారి అక్కడికి వెళ్లేదాన్ని. పొడవాటి గది, మధ్యలో నల్ల రాతి బల్లలు, గోడ వారగా సన్నగా రొద పెట్టే ఫ్రిజ్‌లు. గుమ్మం పక్కన చెప్పుల బల్ల. అంతా శుభ్రం. కానీ ఎవరూ గట్టిగా మాట్లాడరు. దగ్గినా ఆచితూచి దగ్గుతారు. కొత్తగా చేరినవాళ్లకి మొదటి ఏడాది కుట్టిన కోటు మరుసటి ఏడాదికి వదులైపోయేది. "మీ ల్యాబులో మేత కణాలకేనా, మనుషులకి లేదా?" అని ఒకసారి హాస్యానికి అన్నాను. వదిన నవ్వలేదు.

ఆ ల్యాబుని నడిపేది ఒక పెద్దాయన. పేరున్న ప్రొఫెసర్. చాలా ఏళ్ల కిందట ఆయన ఒక సంగతి కనిపెట్టాడు. ఊపిరాడక ఆగిపోయిన గుండె కణాలకి ఒకానొక మందు వేస్తే అవి మళ్లీ కొట్టుకుంటాయని. ఆ ఒక్క వ్యాసంతో ఆయన పేరు నలుగురి నోళ్లలో పడింది. ల్యాబుకి డబ్బొచ్చింది, గదులొచ్చాయి, విద్యార్థులొచ్చారు. ఆ తర్వాత అక్కడ ఎవరేం చేసినా దానిమీద కట్టిన మేడే.

చిక్కేమిటంటే, ఆ మందు అందరి చేతిలోనూ పనిచేసేది కాదు. కొన్ని పళ్లేల్లో కణాలు కదిలేవి, చాలావాటిలో కదిలేవి కావు. కదలని పళ్లేన్ని "పాడైంది" అని పక్కన పెట్టించేవాళ్లు. మళ్లీ మళ్లీ ఫలితం రాకపోతే సోమవారం సమావేశంలో పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఒకటే మాట అనేవాడు. "నీకింకా చెయ్యి కుదరలేదు." కోపంగా కాదు, జాలిగా అనేవాడు. ఆ జాలే ఎక్కువ కోసేదని వదిన చెప్పింది. ఆ మాట పడ్డవాళ్లు బల్ల దగ్గరికి ఇంకా ముందుగా వచ్చేవాళ్లు, ఇంకా ఆలస్యంగా వెళ్లేవాళ్లు, పక్కవాళ్లతో మాట్లాడటం మానేసేవాళ్లు. తమకొక్కరికే రావడం లేదని ఎవరికి వాళ్లే అనుకునేవాళ్లు.

వదినతో పాటు ఒకే రోజు చేరిన స్నేహితురాలు ఒకామె ఉండేది. చలాకీ మనిషి. కొలతలు తీస్తుంటే నా టేపు లాక్కుని నా నడుమే కొలిచి, "ముందు నువ్వు తగ్గు, తర్వాత నా కోటు సంగతి చూద్దాం" అనేది. మూడో ఏడాది నేను వెళ్లేసరికి ఆమె చేతులు చాపి బొమ్మలా నిలబడింది. ఒక్క మాటా లేదు. ఆ తర్వాతి ఏడాది లేనే లేదు.

"ఏమైంది?" అని అడిగాను.

"మానేసింది. చెయ్యి కుదరలేదు," అంది వదిన. ఇంకేమీ చెప్పకుండా నీళ్ల సీసా మూత బిగించుకుంటూ బయటికి నడిచింది.

వదిన మాత్రం నిలదొక్కుకుంది. ఎలా నిలదొక్కుకుందో చాలా కాలం తర్వాత చెప్పింది. అందరిలాగే కదలని పళ్లేల్ని పాడైనవని పక్కన పెట్టేది. కదిలినవాటినే లెక్కలోకి తీసుకునేది. అది అబద్ధమని అప్పుడు తట్టలేదు. అక్కడ పని నేర్పిన పద్ధతే అది. అలా డాక్టరేట్ వచ్చింది, ల్యాబులోనే సీనియర్‌గా ఉద్యోగం వచ్చింది. ఊళ్లోవాళ్లు "డాక్టరమ్మా, మోకాలు నొప్పి" అంటూ ఇంటికి రావడమూ మొదలైంది. వాళ్లకి కాస్త టీ ఇచ్చి, "మా కోడలు ఆ డాక్టరు కాదండీ" అని చెప్పి పంపడం మా అమ్మ వంతు.

అలా ఉండగా ఒక కొత్త కుర్రాడు పరిశోధనలో చేరాడు. మాట తడబడుతుంది కాబట్టి ఎక్కువ మాట్లాడడు. ల్యాబులో మౌనస్వామి అని పిలిచేవాళ్లు, అతనూ పలికేవాడు. వదినని అక్కా అనేవాడు. పనిలో అతనంత నెమ్మదైనవాడిని చూడలేదనేది వదిన. అతనికీ మందు పనిచేయలేదు. ఏడాదిన్నర పాటు పనిచేయలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అతను మా ఇంటికొచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. గుమ్మంలో నిలబడి, "అక్క ఉ-ఉందాండీ?" అన్నాడు. అన్నయ్య లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. నేను మంచినీళ్లిచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. చేతివేళ్ల చర్మం రోజంతా తొడిగి ఉంచే గ్లవ్స్ వల్ల తెల్లగా నాని ముడతలు పడి ఉంది.

వదిన కూర తరుగుతున్నదల్లా కత్తిపీట పక్కకి తోసి వచ్చింది. "ఏం రా, ఏమైంది?"

అతను గ్లాసు నేలమీద పెట్టాడు. "అక్కా, రేపు సమావేశంలో చూపించడానికి... అంకెలు వేసుకున్నాను. నా అంకెలు కావు. సర్ వ్యాసంలో ఉన్నవాటికి ద-దగ్గరగా ఉండేట్టు నేనే వేశాను."

వదిన చేతి తడి కొంగుకి తుడుచుకుంది.

"నా పళ్లేలన్నీ చూశాను. ఒక్కటీ పక్కన పెట్టకుండా చూశాను. మందు వేసినా వేయకపోయినా ఒకటే. నాకు చెయ్యి కుదరలేదక్కా. నాన్నకి ఎలా చెప్పాలో తెలియట్లేదు. అందుకని వేసేశాను. వేశాక నిద్ర పట్టట్లేదు. కొన్నిసార్లు... అసలు లేకపోతే బాగుండనిపిస్తోంది."

ఆఖరి మాట తడబడకుండా వచ్చింది.

వదిన అతని పక్కన కూర్చుంది. వెంటనే ఓదార్చలేదు. "మందు వేసినా వేయకపోయినా ఒకటేనా?" అని అడిగింది.

"ఒకటే."

"నా పళ్లేలన్నీ లెక్కలోకి తీసుకుని ఉంటే నాకూ ఒకటే అయ్యుండేది రా."

అతను తలెత్తి చూశాడు. తనమీద జాలిపడి అబద్ధం చెబుతోందేమోనని వెతుకుతున్నట్టు చూశాడు.

"నీ చేతికి ఏమీ కాలేదు," అంది వదిన. "రేపు నీ అసలు అంకెలు పట్టుకురా. ఆ దొంగ అంకెలు ఇప్పుడే నా ముందే చెరిపెయ్. సమావేశంలో ముందు నేను మాట్లాడతాను. నువ్వు ఇవాళ ఇక్కడే పడుకో. ఒక్కడివీ ఆ గదికి వెళ్లొద్దు."

అన్నయ్య అప్పటికే లేచి చాప తీస్తున్నాడు. సాయంత్రం అతన్ని తెలిసిన డాక్టరు దగ్గరికీ తనే తీసుకెళ్లాడు. అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్. దారిలో అతనితో ఏం మాట్లాడావని అడిగితే, "మధ్యలో ఆగిపోయిన లిఫ్టుల గురించి చెప్పాను. లోపలున్న వాళ్ల తప్పని నేనెప్పుడూ అనుకోలేదన్నాను" అన్నాడు. అన్నయ్య అంత పెద్ద మాట మాట్లాడటం నేనెరగను.

మర్నాడు సోమవారం. జరిగింది వదిన చెప్పినట్టే చెబుతాను.

అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. పెద్దాయన వచ్చాడు. మౌనస్వామి వంతు రాకముందే వదిన లేచింది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"సర్, నేనొక మాట చెప్పాలి. మీ మందు నాకు పనిచేయలేదు. చేరిన రోజు నుంచీ పనిచేయలేదు. కణాలు కదిలిన పళ్లేలనే లెక్కపెట్టాను. నా థీసిస్‌లో సగం అదే. తప్పు నా చేతిదనుకున్నాను."

పక్కనున్నవాళ్లు వదిన వైపు తిరిగారు.

"నాకూ రాలేదు," అంది చివరి కుర్చీలోని అమ్మాయి. ఆ అమ్మాయి ఆ ఏడాదిలో సమావేశంలో నోరు విప్పడం అదే మొదలు. తర్వాత ఇంకొకరు. తర్వాత, వదినకంటే సీనియర్ ఒకాయన తల వంచుకునే, "నాకూ," అన్నాడు.

పెద్దాయన కళ్లజోడు తీశాడు. తుడవలేదు. ఒక్కొక్కరి మొహమే చూశాడు. "ఇన్నేళ్లూ ఎవరూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

జవాబు ఆయనకే అందినట్టుంది. లేచి వెళ్లిపోయాడు.

వారమంతా ఆయన తన గది దాటి రాలేదు. ల్యాబులో సగం మంది వదినతో మాట్లాడటం మానేశారు. మాట్లాడినవాళ్లు కూడా చుట్టూ చూసి మాట్లాడారు. తర్వాతి సోమవారం పెద్దాయన తెల్ల కోటు తొడుక్కుని వచ్చాడు. ఆయన కోటు తొడగడం చాలామంది చూడటం అదే మొదలట. "నేనే చేస్తాను. అందరూ నిలబడి చూడండి," అన్నాడు.

వయసు మీదపడ్డ చేతులు. అయినా పద్ధతి మర్చిపోలేదు. పళ్లేలు తనే సిద్ధం చేశాడు, మందు తనే వేశాడు. ఆ తర్వాత ఏ పళ్లెంలో మందు ఉందో తనకే తెలియకుండా వాటిని వదినచేత కలిపించి, గుర్తులు పెట్టించాడు. మూడో రోజు మైక్రోస్కోపు ముందు కూర్చుని ఒక్కొక్క పళ్లెమే చూస్తూ, కదులుతున్నవీ కదలనివీ పైకి చెప్పాడు. చెప్పడం పూర్తయ్యాక వదిన గుర్తులు విప్పింది. మందు ఉన్నా లేకపోయినా ఒకటే.

ఆయన మైక్రోస్కోపు దీపం ఆర్పాడు. తర్వాత, "నాకూ చెయ్యి కుదరలేదు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వించడానికి అనలేదు.

అసలు సంగతి బయటపడటానికి నెలలు పట్టింది. ఆయన ఆ వ్యాసం రాసిన రోజుల్లో కణాలకి మేతగా వాడిన ద్రవం వేరు. అది తయారుచేసిన చోటు ఎప్పుడో మూతపడింది. ఫ్రిజ్ అడుగున మిగిలిన ఒకటి రెండు పాత సీసాలతో చేసి చూస్తే కణాలు లేచి కొట్టుకున్నాయి, మందు లేకుండానే. మహిమ మేతలో ఉంటే, ఆయన మందుకి అంటగట్టాడు. మోసం చేయలేదు. కళ్లతో చూసిందే రాశాడు. కాకపోతే ఆ తర్వాత ఎవరూ కాదనలేని చోట కూర్చున్నాడు.

ఆయన ఆ వ్యాసాన్ని తనే వెనక్కి తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో రాసి, ఆ రాతకి మొదటి పేరుగా, ఏ పళ్లేన్నీ వదలకుండా లెక్కపెట్టిన మౌనస్వామి పేరు పెట్టాడు. ఆయనలో నాకు నచ్చిన పని అదొక్కటి. వదిన మాత్రం, "ఒక్కటి కాదు అమ్మాయ్, మళ్లీ కోటు తొడుక్కోవడం కూడా లెక్కలో వేసుకో" అంటుంది.

మంచి జరిగిందని చప్పట్లు కొట్టినవాళ్లు లేరు. ల్యాబుకి వచ్చే డబ్బు ఆగిపోయింది. పరిశోధకులు తలో దిక్కూ అయ్యారు. వదిన వ్యాసాలు కూడా వెనక్కి వెళ్లాయి, ఉద్యోగం పోయింది. ఎక్కడ ఇంటర్వ్యూకి వెళ్లినా ఆమె వెళ్లకముందే కబురు వెళ్లేది. గురువుగారి పుట్టి ముంచిందట అని. ఏడాది పైగా ఇంట్లోనే ఉంది. నా గదిలో కూర్చుని బొత్తాలు కుట్టేది. ఒక్క బొత్తామూ వంకర పోయేది కాదు. కుట్టీ కుట్టీ ఒకరోజు సూది గుడ్డకి గుచ్చి, "నేను నోరు మూసుకుని ఉంటే వీళ్లంతా ఇప్పటికీ జీతాలు తీసుకుంటూ ఉండేవాళ్లు కదా," అంది.

"ఆ కుర్రాడు?" అన్నాను.

మళ్లీ సూది తీసుకుంది.

ఆ కుర్రాడు కోలుకున్నాడు. కానీ పరిశోధనలో ఉండలేదు. తడబడే పిల్లలకి మాట నేర్పే చదువు చదువుకుని ఆ పనిలోకి వెళ్లిపోయాడు. "నువ్వు ఉండి ఉంటే మంచి శాస్త్రవేత్తవి అయ్యేవాడివి," అని వదిన అంటే, "అక్కా, నాకు అ-అక్కడ వాసన పడదు," అన్నాడట. ఆమె ఇంక బలవంతం చేయలేదు.

ఆ బొత్తాల రోజుల్లోనే ఒకనాడు వదిన నన్ను తోడు రమ్మంది. మానేసి వెళ్లిపోయిన స్నేహితురాలిని చూడటానికి. ఆమె బస్టాండు ఎదురుగా మందుల షాపు నడుపుతోందని తెలిసింది. వెళ్లాం. కౌంటరు అవతల ఆమే. ఒళ్లు చేసింది, కళ్లద్దాలొచ్చాయి. వదినని గుర్తుపట్టి నవ్వింది. ఒక ముసలాయనకి మాత్రలు కత్తిరించి ఇస్తూ, "ఏంటి, ఇన్నాళ్లకి దారి తప్పావా?" అంది.

ముసలాయన వెళ్లేదాకా ఆగి వదిన జరిగిందంతా చెప్పింది. మందు ఎవరికీ పనిచేయలేదని, పెద్దాయనకి కూడా పనిచేయలేదని, ఆమె చేతిలో ఏ లోపమూ లేదని.

ఆమె చేతిలో కత్తెర అలాగే ఉంది. "నీకు పనిచేసిందా, అప్పుడు?"

"లేదు."

"నేను నీ పక్క బల్ల దగ్గరే ఏడ్చేదాన్ని. నీకూ రావట్లేదని అప్పుడు ఒక్క మాట చెప్పలేకపోయావా?"

వదిన ఏదో అనబోయింది.

"వద్దు. నీకు భయమేసింది, నాకు తెలుసు. నాకూ వేసింది. కానీ నేను ఇన్నేళ్లూ నా చేతుల్ని చూసుకుంటూ బతికాను. మాత్రలు లెక్కపెట్టేటప్పుడు కూడా రెండుసార్లు లెక్కపెడతాను, నా చేతుల మీద నాకు నమ్మకం లేదు కాబట్టి. ఇప్పుడొచ్చి నీ చేతులు మంచివేనంటే, ఏం చేసుకోను వీటిని?"

ఇంకొకరెవరో మందు చీటీతో వచ్చారు. ఆమె కళ్లు తుడుచుకుని చీటీ అందుకుంది. మేం రోడ్డు మీదికి వచ్చేశాం. బస్సులో వదిన ఏడవలేదు. మా స్టాపు దగ్గర దిగాక, "తిట్టింది, మంచిదైంది," అంది. "క్షమించి ఉంటే మర్చిపోయేదాన్ని."

ఆ తర్వాత ఒక చిన్న కాలేజీలో ఆమెకి లెక్చరర్ ఉద్యోగం దొరికింది. విరిగిన కుర్చీలు పడేసే గది ఖాళీ చేసి ల్యాబు అన్నారు. అన్నయ్యే వైర్లు లాగాడు, నేను కర్టెన్లు కుట్టాను. పాత సామాను, ఇద్దరు విద్యార్థులు. అక్కడా వారానికొకసారి సమావేశం. మొదట వదినే లేచి ఆ వారం తనకి ఏ ప్రయోగంలో ఫలితం రాలేదో చెబుతుంది. తర్వాతే మిగతావాళ్లు. ఏ పళ్లేన్నీ చెప్పకుండా పక్కన పెట్టకూడదు. సెలవు రోజు పని అందరికీ వంతులవారీగా పడుతుంది, వదినకి కూడా. మొదట్లో విద్యార్థులకి ఇదంతా ఎబ్బెట్టుగా ఉండేదట. రాలేదని చెబితే మార్కులు తగ్గిస్తారేమోనని ఒకబ్బాయి తన నోరు తనే మూసుకునేవాడట. అంతా సవ్యంగా సాగిందని కూడా చెప్పను. ఒకసారి ఆమే విసుగులో ఒక అమ్మాయిని, "ఇంతమాత్రం చేతకాదా?" అనేసింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని తినలేదు. మర్నాడు అందరి ముందూ ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పింది. అమ్మ దానికి కూడా ఆశ్చర్యపోయింది. "పంతులమ్మ పిల్లలకి క్షమాపణ చెప్పడమేంటే? లోకం తిరగబడిందా?"

పోయిన ఏడాది ఆ అమ్మాయికే బిడ్డ పుట్టింది. తన పరిశోధన ముప్పాతిక అయ్యాక సెలవు పెట్టింది. మిగతాది ఇంకో విద్యార్థి పూర్తి చేశాడు. వ్యాసం పంపే వేళకి కాలేజీ పెద్దమనిషి వదినని పిలిచాడు. ఇంట్లో కూర్చున్నవాళ్ల పేరు ముందెందుకు, పూర్తిచేసిన కుర్రాడి పేరు ముందు పెట్టండి, అతనికి త్వరగా డాక్టరేట్ వస్తుంది, కాలేజీకీ పేరొస్తుంది అన్నాడు. వదిన వినలేదు. కానీ తనొక్కతే తేల్చనూ లేదు. ఆ కుర్రాడిని వెంటబెట్టుకుని ఆ అమ్మాయి ఇంటికే వెళ్లింది. బిడ్డకి కుట్టిన మెత్తటి నూలు చొక్కాలు ఇవ్వాల్సి ఉండి నేనూ వెళ్లాను. బిడ్డ పక్కన నిద్రపోతుంటే ముగ్గురూ నేలమీద కూర్చుని ఎవరెవరు ఏం చేశారో మొదటి నుంచీ చెప్పుకున్నారు. చివరికి కుర్రాడే అన్నాడు, "పేరు తనదే ముందుండాలి మేడమ్. ఆలోచన తనది. నేను దారి చివర కలిసినవాణ్ని." ఆ అమ్మాయి బిడ్డ దుప్పటి సర్దుతూ ఉండిపోయింది.

వ్యాసం వచ్చింది. కాలేజీ పెద్దమనిషికి కోపమూ వచ్చింది. వదినకి రావాల్సిన ప్రమోషన్ రాలేదు. ఇంకా రాలేదు. ఈ ఏడాది ఆమె దగ్గర చేరతామని అడిగినవాళ్లు మాత్రం గదిలో పట్టనంత మంది. అందులో ముగ్గురిని తీసుకుంది. మిగతావాళ్లని ఎక్కడికి పంపాలా అని తనకి తెలిసిన ప్రొఫెసర్లందరికీ ఫోన్లు చేస్తోంది. పంపే ముందు ప్రతి ప్రొఫెసర్‌నీ ఒకటే అడుగుతోంది: "మీ దగ్గర పిల్లలు తమకి రాలేదని చెప్పుకోవచ్చా?" కొందరు నవ్వి ఫోను పెట్టేస్తున్నారు. ఇద్దరు మాత్రం ఆలోచించి చెబుతామన్నారు.